కొలువు గడపలో కాలిజోడు

ఉద్యోగమునకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చిన ఇంటిలో మొదట వెదకునది సర్టిఫికెట్ల కట్ట, రెండవది కాలిజోడు. చొక్కా ఇస్త్రీకి పోవును. మంచము క్రింది బూట్లు వెలుపలికి వచ్చును. అన్నగారి బూట్లు సరిపోవునా, క్రొత్తవి కొనవలెనా, చెప్పులతో పోయినచో తప్పు పట్టుదురా అని ఇంటిల్లిపాదియు తర్జనభర్జన చేయుదురు. పాలిష్ డబ్బా మూత తెరచి, కుంచె చేతబట్టి, కొడుకు బూట్లకు తానే మెరుగు పెట్టు తండ్రులును కలరు. ఇది చూచువారికి చిన్న విషయముగా తోచును. పరీక్షాధికారి అడుగబోవునది చరిత్రయో, గణితమో, రాజ్యాంగమో గాని కాళ్లను గూర్చి గాదు గదా యని నవ్వుకొందురు.

కాని ఈ చిన్న విషయము వెనుక పెద్ద చరిత్ర కలదు. అధికారి యెదుటికి పోవు భారతీయుడు కాళ్లకు ఏమి తొడుగుకొనవలెనను ప్రశ్నపై ఒకప్పుడు గవర్నరు జనరలు మండలియే తీర్మానములు చేసినది. న్యాయస్థానములలో వివాదములు పుట్టినవి. మహాపండితు డొకడు వచ్చిన త్రోవనే మరలిపోయెను. రాజులకును రాయబారులకును నడుమ మాటలు నిలిచిపోయినవి. నేడు ఇంటర్వ్యూ గదిలోనికి బూట్లతోనో చెప్పులతోనో నిస్సంకోచముగా నడచిపోవు యువకుడును యువతియు తాము దాటు గడపకు గల ఈ పూర్వకథను ఎరిగియుండుట మంచిది.

మన దేశాచారము ననుసరించి పాదరక్షలను గుమ్మము వెలుపల విడుచుట మర్యాద. గుడికైనను, పూజగదికైనను, పెద్దల సన్నిధికైనను చెప్పులతో పోము. ఇందు చిన్నతన మేమియు లేదు. ఏలయన ఇంటి యజమానియు విడుచును, అతిథియు విడుచును. చాపపైనో తివాచీపైనో కూర్చుండి, నేలపైననే భుజించు జనులకు ఈ కట్టుబాటు శుభ్రతకును అవసరమైనది. పాదరక్షలను ఈ దేశము తక్కువగా చూచినదనియు చెప్పరాదు. నందిగ్రామమున భరతుడు సింహాసనముపై నుంచి కొలిచినది శ్రీరాముని పాదుకలనే గదా! ఐరోపావారి ఆచారము వేరు. వారు గౌరవము చూపుటకు తలపై టోపీని తీయుదురు. కాలి బూటును తీయరు. చలిదేశములలో కుర్చీలపై కూర్చుండువారికి అది సహజము. మనవా డట్లు గాక తలపాగాను తలపైననే యుంచుకొని, చెప్పులు విడుచును. ఎవరి ఆచారము వారికి చెల్లును. రెండు ఆచారములు ఒకే గదిలో కలిసినప్పుడు ఎవరికి ఏది వర్తింపవలెనను నిర్ణయము బలవంతుని చేతిలో పడెను. చిక్కు అచ్చట పుట్టినది.

ఈస్టిండియా కంపెనీ దొరలు తమ కచేరీలలో ఈ నిర్ణయమును తమ కనుకూలముగా చేసికొనిరి. దొర బూట్లతో కుర్చీపై కూర్చుండును. చూడవచ్చిన దేశీయుడు మాత్రము చెప్పులు గుమ్మము వెలుపల విడిచి, వట్టికాళ్లతో లోనికి రావలెను. 'ఇది మీ ఆచారమే గదా' యని దొరల సమాధానము. ఆచారము మనదే. కాని మన యింట అది ఇరువురికిని సమానము, కచేరీలో ఒక్కనికే. సమానులు పాటించినంతకాలము మర్యాదయై యున్నది, ఒక్కనిచేతనే పాటింపజేయగా లొంగుబాటుకు గుర్తుగా మారెను.

ఇంగ్లీషు చదువులు వ్యాపించి, కలకత్తా, బొంబాయి నగరములలో కొందరు దేశీయులు బూట్లు తొడుగుట మొదలిడగా చిక్కు మరింత ముదిరెను. 1854లో గవర్నరు జనరలు డల్హౌసీ కాలమున ఒక తీర్మానము వెలువడినది. దాని సారాంశ మిది: ఐరోపా పద్ధతి బూట్లును మేజోళ్లును ధరించిన దేశీయ పెద్దమనుష్యులు దర్బారు మొదలగు ప్రభుత్వ సందర్భములకు వానితోనే రావచ్చును. దేశీయ పాదరక్షలు ధరించినవారికి మాత్రము పూర్వపు కట్టుబాటే నిలిచెను. ఇరువది ఏండ్ల తరువాత, 1874లో, ఈ వెసులుబాటును న్యాయస్థానములు మొదలగు తావులకును విస్తరించిరి.

ఈ తీర్మానమును నిదానముగా పరిశీలింపవలెను. ముచ్చెలకు అంటిన దుమ్మును బూట్లకు అంటిన దుమ్మును ఒక్కటే. రెండును తోలుతో కుట్టినవే. కావున ఇది శుభ్రతకు సంబంధించిన నియమము గాదు. దొర వేషము ధరించినవానికి దొర మర్యాదలో కొంత పాలు దక్కును. స్వవేషమున నున్నవానికి దక్కదు. ఇదియే దాని తాత్పర్యము. ఐరోపావారి ఆచారమును సంపూర్ణముగా అంగీకరించినచో దేశీయుడు టోపీ తీసి బూట్లు ఉంచుకొనవలెను. దేశీయాచారమును సంపూర్ణముగా అంగీకరించినచో దొరయు బూట్లు విడువవలెను. రెండును గాని ఈ మధ్యేమార్గమున బూట్లజత ఒక అర్హతాపత్రము వంటిదైపోయెను.

ఆ 1854వ సంవత్సరముననే మరియొక సంగతి జరిగినది. ఇండియాలోని ఉన్నతోద్యోగములకు సిఫారసుల మూలమున గాక పోటీపరీక్షల మూలమున నియామకములు జరుగవలెనని మెకాలే అధ్యక్షతను సమావేశమైన సంఘము నివేదిక సమర్పించెను. మరుసటి యేడు, 1855లో, లండనులో మొదటి పోటీపరీక్ష జరిగెను. 1863లో సత్యేంద్రనాథ ఠాకూరు అందు నెగ్గి, ఇండియన్ సివిల్ సర్వీసులో ప్రవేశించిన ప్రథమ భారతీయుడయ్యెను. ఆ పరీక్ష ఇండియాలో కూడ జరుగుటకు 1922 వరకు వేచియుండవలసివచ్చెను. అనగా యోగ్యతను పరీక్షించు పద్ధతియు, పాదరక్షను బట్టి మనిషిని వేరుపరచు పద్ధతియు ఒకే యేట కాగితమున కెక్కినవి. ఒకటి ద్వారము తెరచునది. రెండవది ద్వారముకడ నిలుపునది. తరువాతి నూరేండ్ల ఉద్యోగ చరిత్రలో ఈ రెంటి పెనగులాటయు కనబడును.

ఈ నియమమును అందరును నోరుమూసికొని సహింపలేదు. 1862 ప్రాంతమున సూరత్ నగరమున మానక్‌జీ కావస్‌జీ ఎంటీ యను పార్సీ పెద్దమనిషి న్యాయసభకు అసెసరుగా పోయెను. న్యాయాధిపతికి తోడుగా కూర్చుండి అభిప్రాయము చెప్పవలసినవాడు. అట్టివానిని పాదరక్షలు విడిచి రమ్మనిరి. తీర్పునకు సాయపడవలసినవాడే వట్టికాళ్లతో నిలువవలసిన విచిత్రమును ఆయన ప్రశ్నింపగా, అది ఆ కాలమున గొప్ప వివాదమాయెను.

ఈ విషయమున ఎక్కువగా స్మరింపదగినవాడు ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు. ఆయన వేషము ధోవతి, ఉత్తరీయము, బెంగాలీలు 'చటి' యనెడు మడమ మూతలేని చెప్పులు. లెఫ్టినెంటు గవర్నరు హాలిడే తన్ను చూడవచ్చునపుడు దొరతనపు దుస్తులలో రమ్మని కోరగా, కొలదిసార్లు అట్లు పోయి, ఆ వేషముతో నైనచో ఇక రాజాలనని చెప్పివేసెననియు, పిదప హాలిడేయే ఆయనను ఆయన వేషముననే రమ్మనెననియు జీవితచరిత్రకారులు వ్రాసిరి. 1874లో ఆ విద్యాసాగరుడే కలకత్తాలో మ్యూజియమును ఆసియాటిక్ సొసైటీని చూడబోయెను. ఆనాడు రెండును ఒక్క భవనముననే యుండెను. ఇంగ్లీషు బూట్లు తొడుగుకొన్న సహచరులను లోనికి పోనిచ్చిరి. విద్యాసాగరుని మాత్రము ద్వారపాలకుడు అడ్డగించి, చెప్పులు వెలుపల విడువుమనెను. సంస్కృత కళాశాలకు అధ్యక్షత వహించినవాడు, వితంతు వివాహములకు 1856లో శాసనబలము చేకూరుటకు కారకుడైనవాడు మారుమాట లేక వెనుదిరిగిపోయెను. పిమ్మట నిర్వాహకులకు లేఖ వ్రాసి, బూట్లకు లేని నిషేధము దేశీయ పాదరక్షలకు ఏల యని అడిగెను. సంతృప్తికరమగు సమాధానము రాలేదు. పత్రికలలో చర్చ జరిగెను. ఆ సంస్థ తలుపులు ఆయన జ్ఞానమునకు తెరచియున్నవి. ఆయన చెప్పులకే మూసియున్నవి.

సంస్థానాధిపతుల స్థితియు ఇంతకన్న మెరుగుగా లేదు. 1901 కలకత్తా కాంగ్రెసు సభానంతరము తాను బసచేసిన ఇండియా క్లబ్బులో చూచినదానిని గాంధీజీ ఆత్మకథలో వర్ణించెను. నిత్యము చక్కని ధోవతులు కట్టు మహారాజులు కర్జను ప్రభువు దర్బారునాడు ఖాన్సామాల వంటి పంట్లాములును మెరయు బూట్లును ధరించి బయలుదేరిరట. కారణ మడుగగా, తమ అవమానములు తమకే తెలియునని వారిలో ఒకడు వాపోయెనట. ఉద్యోగార్థికి గల బెదురే రాజునకును ఉండెనన్నమాట.

దొరలకు పాదరక్షల మర్మము తెలియక ఇట్లు చేసిరని అనుకొనరాదు. తమ కాళ్ల సంగతి వచ్చినప్పుడు వారు చూపిన పట్టుదలయే దీనికి సాక్ష్యము. హైదరాబాదు నిజాము దర్బారులో బ్రిటిషు రెసిడెంటు చాలకాలము దేశీయ మర్యాద ననుసరించి బూట్లు విడిచి, నేలపై కూర్చుండెడివాడు. 1869లో అఫ్జలుద్దౌలా మరణించి, మూడేండ్లు నిండని మహబూబ్ అలీఖాన్ గద్దె నెక్కెను. ఆ సందర్భమున రెసిడెంటు సాండర్సు, తానును తన పరివారమును ఇక బూట్లతో వచ్చి కుర్చీలపై కూర్చుందుమని పట్టుపట్టి సాధించెను. బాలరాజు కాలమున దర్బారు నేల మీదినుండి కుర్చీ పైకి మారెను. బర్మాలో 1875లో ఇదే చిక్కు వచ్చినది. మాండలే రాజసభలో తమ ప్రతినిధి ఇక బూట్లు విడువబోడని ఇండియా ప్రభుత్వము నిర్ణయింపగా, మిండాన్ రాజు సమ్మతింపలేదు. అప్పటినుండి రెసిడెంటునకు రాజదర్శనమే లేకపోయెను. పరాయి రాజు ముందు బూటు విప్పుట తమకు అగౌరవమని తలచిన ప్రభుత్వమే, తన కచేరీలో దేశీయుడు చెప్పు విప్పుట అతనికి సహజమని వాదించినది.

ఈ కథను ఇంతటితో ముగించి, తప్పంతయు పరాయివానిపై మోపినచో చరిత్రకు న్యాయము జరుగదు. దొర గుమ్మముకడ చెప్పులు విడువ మనస్సు నొచ్చిన మనవారే, స్వగ్రామములలో సాటి మనుష్యులచేత అదే పని చేయించిరి. అగ్రవర్ణముల వీథిలో నడచునప్పుడు దళితులు చెప్పులు విడిచి చేతబట్టుకొనవలెనను కట్టుబాటు దేశమున అనేక ప్రాంతములలో నుండెను. తెలంగాణములో దొరల గడీల ముందు చెప్పులతో నడచుట ధిక్కారముగా పరిగణింపబడెను. ఊరికంతటికిని చెప్పులు కుట్టి యిచ్చిన మాదిగ, తాను కుట్టిన జోడును తన కాళ్లకు తొడిగి నాలుగు వీథులు నడువజాలకపోయెను. విద్యాసాగరుని నిలిపినది ఒక్క మ్యూజియము ద్వారము; వీరిని నిలిపినది ఊరంతయు. ఆ అవమానమునకు పత్రికలలో లేఖలు వ్రాయువారును లేరైరి.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దుచేసినది. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చెను. 1976లో దానికి పౌరహక్కుల రక్షణ చట్టమను పేరు కలిగెను. 1989లో షెడ్యూల్డు కులములపై, తెగలపై అత్యాచారములను నిరోధించు చట్టము చేయబడెను. ఆ చట్టమునకు చేసిన సవరణ 2016 జనవరి 26 నుండి అమలులోనికి వచ్చినది. బహిరంగస్థలములలో పాదరక్షలు ధరింపకుండ వారిని అడ్డగించుట నేరమని అందు స్పష్టముగా చెప్పబడినది. 1854 నాటి తీర్మానమునకు నూట అరువది ఏండ్ల పిమ్మట కూడ, చెప్పులు తొడుగుకొను హక్కును శాసనమున పేరుపెట్టి చెప్పవలసివచ్చెను. ఆ అవసరమే మన సంఘస్థితిని చెప్పక చెప్పుచున్నది.

చెప్పునకు గౌరవము తెచ్చినవారును లేకపోలేదు. దక్షిణాఫ్రికాలో టాల్‌స్టాయ్ ఆశ్రమమున గాంధీజీ స్వయముగా చెప్పులు కుట్టుట నేర్చెను. ఆయన మిత్రుడు కాలెన్‌బాక్ ఒక క్రైస్తవ మఠమున ఆ విద్య నేర్చివచ్చి, ఆశ్రమవాసులకు నేర్పెను. వైశ్యకులమున పుట్టి, లండనులో బారిష్టరు పరీక్షయందు కృతార్థుడైన గాంధీజీ తోలుపనికి కూర్చుండుట ఆనాడు సామాన్య విషయము గాదు. తన్ను చెరసాలకు పంపిన జనరల్ స్మట్సునకు 1914లో దక్షిణాఫ్రికా విడిచిపోవునపుడు ఒక జత చెప్పులను కానుకగా నొసగెను. 1939లో గాంధీజీ డెబ్బదియవ జన్మదిన సందర్భమున స్మట్సు దానిని స్మరించి, ఆ చెప్పులను తాను ఎన్నో వేసవులు ధరించితిననియు, అంతటి మహనీయుని పాదరక్షలలో నిలుచు యోగ్యత తనకు లేదని తోచుననియు వ్రాసెను. 1931 నవంబరులో, రౌండు టేబులు సమావేశ సమయమున, జార్జి చక్రవర్తి బకింగుహాము రాజభవనమున ఇచ్చిన విందునకు గాంధీజీ కొల్లాయి, శాలువ, చెప్పులు ధరించియే పోయెను. సామ్రాజ్యపు చిన్న కచేరీలలో గుమ్మము వెలుపల నిలిచిన దేశీయపు చెప్పు ఆనాడు చక్రవర్తి సమ్ముఖమునకే చేరెను.

తోలుపనిని నీచమనెడు భావమును తొలగించుటకు తెలుగువా డొకడు చేసిన సేవయు ఇచ్చట తలపదగినది. కేంద్ర తోలు పరిశోధనాలయము 1948లో మద్రాసున స్థాపితమయ్యెను. 1922లో గుంటూరు జిల్లా తెనాలి ప్రాంతపు రైతు కుటుంబమున జన్మించిన యలవర్తి నాయుడమ్మ కాశీలోను అమెరికాలోను చదివి, 1958లో ఆ సంస్థకు సంచాలకుడయ్యెను. ఉన్నత విద్యావంతులు దూరముగా నుంచిన తోళ్లు పదునుచేయు వృత్తికి ఆయన శాస్త్రగౌరవము కల్పించెను. పల్లెటి తోలుపనివారి కడకు ప్రయోగశాల ఫలితములు చేరవలెనని తపించెను. 1971లో శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలికి అధిపతియై, 1985లో కనిష్క విమాన దుర్ఘటనలో మరణించెను. ఇంటర్వ్యూకు పోవు యువకుని కాలిజోడు వెనుక గోవుతోలును ఊనినవాని శ్రమయు, కుట్టినవాని నేర్పును, దానిని పరిశోధించినవాని విద్యయు కూడ కలవు.

ఇక నేటి ఇంటర్వ్యూ గది సంగతి. 1926 అక్టోబరు 1న ఏర్పడిన పబ్లిక్ సర్వీస్ కమీషను, రాజ్యాంగముతోపాటు 1950లో యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమీషనయ్యెను. సివిల్ సర్వీసుల పరీక్షలో వ్యక్తిత్వ పరీక్షకు 275 మార్కులు కేటాయింపబడినవి. అందు పరిశీలించు గుణము లేవో కమీషను ప్రకటనలోనే చెప్పబడినవి: మనస్సు చురుకుదనము, విషయమును గ్రహించు శక్తి, స్పష్టముగా తర్కబద్ధముగా చెప్పుట, సమతూకముగల నిర్ణయము, అభిరుచుల వైవిధ్యము, పదిమందిని కలుపుకొనిపోవుట, నైతిక నిష్ఠ. ఈ పట్టికలో బూట్ల ప్రసక్తి లేదు. కాలచక్రము తిరిగిన తీరు చూడుడు: వైద్యవిద్యా ప్రవేశమునకై జరుపు నీట్ పరీక్షలో బూట్లనే నిషేధించి, పలుచని అడుగుగల చెప్పులనే అనుమతించుచున్నారు. బూట్లలో కాపీ చీటీలును యంత్రములును దాచుదురను భయము దీనికి కారణము. విద్యాసాగరుడు నేడున్నచో ఆ గుమ్మముకడ ఆయన చెప్పులు లోనికి పోవును. సహచరుల బూట్లు వెలుపల నుండును!

అట్లని పాదరక్షల విషయమున అశ్రద్ధ తగునని గాదు. పదిమంది యెదుట కూర్చుండబోవువాడు శుచిగా, పొందికగా పోవుట ఎదుటివారి యెడ మర్యాద, తనయెడ గౌరవము. ఎరవు తెచ్చిన బూట్లు కాలిని కరచుచుండగా మనస్సు ప్రశ్నమీద నిలువదు. నిన్న కొన్న క్రొత్త జోడు గచ్చుమీద జారవచ్చును, కిర్రుమనవచ్చును. నాలుగు దినములు ముందుగా తొడిగి నడచుట మేలు. ఖరీదు ముఖ్యము గాదు. దుమ్ము దులుపుట, తెగిన వారు కుట్టించుట, అరిగిన మడమ వేయించుట ముఖ్యము. చీరకు తగిన సాదా చెప్పులు యువతులకు ఏ కొరతయు చేయవు. ఉద్యోగమును బట్టియు ఆలోచింపవలెను. యంత్రశాలలో పనికి గట్టి బూటు తగినది, బల్లపనికి నల్లని సాదా జోడు తగినది. ఇవన్నియు సౌకర్యమును బట్టి చేయు నిర్ణయములేగాని, గౌరవమును సంపాదించుటకు చెల్లించు సుంకములు కావు.

బల్లకు ఆవలివైపున కూర్చుండువారికిని ఈ చరిత్రయే ఎక్కువగా జ్ఞాపకముండవలెను. కేంద్ర ప్రభుత్వోద్యోగులలో అనేకులు ఏదో ఒకనాడు నియామక సంఘములలో కూర్చుందురు. మారుమూల పల్లెనుండి, తన కుటుంబమున మొదటిసారిగా చదువుకొన్న బిడ్డ రబ్బరు చెప్పులతో వచ్చి నిలుచును. ఆ బిడ్డ తాతను ఊరి వీథిలో చెప్పులు విప్పించియుందురు. అట్టివాని కాళ్లవంక చూచి పెదవి విరిచిన అధికారి, కలకత్తా మ్యూజియము ద్వారపాలకుని పని తాను చేయుచున్నాడని గ్రహింపవలెను. కాళ్లను చూడక, అతడు చెప్పు సమాధానమును వినుట ఆ అధికారి విధి.

పిలుపు వచ్చిన ఇంట తండ్రి బూట్లకు మెరుగు పెట్టుచునే యుండును, పెట్టవలసినదే. ఆ పని చేయుచు ఆయన కుమారునకో కుమార్తెకో పై కథలో నాలుగు మాటలు చెప్పినచో, మరునాటి ప్రయాణమునకు అదియు ఉపకరించును. పోవువారు తమ కాలికి సరిపడిన జోడుతో, తలయెత్తి, లోనికి నడచిపోవుదురుగాక.